వేసవంతా ఇల్లు వదిలి టోటస్ టూస్ మిషనరీగా వెళ్తానంటున్న అమ్మాయి: పంపాలా, వద్దా?

గుణదల_నాన్న

మా అమ్మాయి కాన్సాస్‌లో కంప్యూటర్ సైన్సు రెండో సంవత్సరం చదువుతోంది. ఈ వేసవికి ఏదో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందని మేము ఎదురుచూస్తుంటే, తాను టోటస్ టూస్ అనే కాథలిక్కుల వేసవి కార్యక్రమానికి దరఖాస్తు పెట్టుకున్నాననీ, మేత్రాసనం (ఒక బిషప్పు గారి కింద ఉండే ప్రాంతం) వారు ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేశారనీ, సెమిస్టర్ ముగియగానే శిక్షణకు వెళ్లిపోతాననీ మొన్న ఫోనులో చెప్పింది. శిక్షణ తర్వాత వారానికొక విచారణ (ఒక చర్చి, దాని పరిధి) చొప్పున తిరుగుతూ, ముక్కూ ముఖం తెలియని వారి ఇళ్లలో ఉంటూ పిల్లలకు సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠాలు, చెప్పాలట. మేము విశ్వాసం లేనివాళ్లం కాము. విజయవాడలో ఉన్నన్నాళ్లూ ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కని సంవత్సరం లేదు. అయినా ఇరవై ఏళ్లు నిండని ఆడపిల్లను వేసవంతా ఊళ్లు తిప్పడానికి నాకు మనసు ఒప్పడం లేదు. వాళ్ల అమ్మకైతే ఈ మాట అసలు మింగుడుపడలేదు. ఆ శిక్షణలో ఏం నేర్పుతారో, అక్కడ పిల్ల బాధ్యత ఎవరిదో, ఇందులో పనిచేసినవారు గానీ తమ పిల్లలను పంపినవారు గానీ ఉంటే దాపరికం లేకుండా చెప్పండి.

లెక్కల_జోజి

రెండో సంవత్సరం వేసవిని ఖాళీగా వదిలేస్తే మూడో సంవత్సరం ఇంటర్న్‌షిప్‌కు చూపించుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. దేవుని సేవ డిగ్రీ అయ్యాక కూడా చేసుకోవచ్చు. దానికన్నా ముందు, అమ్మాయి తల్లిదండ్రుల ఉద్యోగం మీద వచ్చే హెచ్4 వీసా మీద ఉందా, విద్యార్థుల ఎఫ్1 వీసా మీద ఉందా, గ్రీన్ కార్డు వచ్చిందా అన్నది చెప్పండి. మిషనరీలకు వేసవి చివర ఎంతో కొంత భృతి ఇస్తారు, దానికి పన్ను కాగితాలు కూడా వస్తాయి. పని చేయడానికి అనుమతి లేని వీసా మీద ఉన్నవారు ఆ డబ్బు తీసుకుంటే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు.

గుణదల_నాన్న

గ్రీన్ కార్డు వచ్చింది, జోజి గారూ. ఆ భయం లేదు.

లెక్కల_జోజి

అయితే నా సగం అభ్యంతరం తీరినట్టే. మిగతా సగం అలాగే ఉంది.

వేసవి_టీచర్

అంకుల్, నేను వేరే రాష్ట్రంలో ఇదే కార్యక్రమంలో పనిచేశాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. ఇది 1987లో విచిటా మేత్రాసనంలో మొదలై, క్రమంగా అమెరికాలోని ఎన్నో మేత్రాసనాలకు పాకింది. రెండవ జాన్ పాల్ పోపు గారు మరియమాతకు తన్ను తాను అప్పగించుకుంటూ పెట్టుకున్న "పూర్తిగా నీవాడను" అన్న లాటిన్ ధ్యేయవాక్యమే దీని పేరు. జట్టుకు సాధారణంగా నలుగురు, ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు ఉంటారు. అందరూ కాలేజీ వయసు వాళ్లే, అబ్బాయిల్లో ఒకరు గురువిద్యార్థి (ఫాదర్ కావడానికి చదువుతున్నవారు) కావడం మామూలే. సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటిపూట ఒకటి నుంచి ఆరో తరగతి పిల్లలకు, ఆదివారం నుంచి గురువారం దాకా సాయంత్రాల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి వారికి తరగతులు జరుగుతాయి. శుక్రవారం పిల్లలతో నీళ్లాట ఆడి, శనివారం సామాన్లు కారులో వేసుకుని తర్వాతి విచారణకు బయలుదేరతాము.

శిక్షణ మేత్రాసనాన్ని బట్టి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది గానీ, రోజూ దివ్యపూజ, ఉదయ సాయంకాల ప్రార్థనలు, జపమాల, ఆరాధన మాత్రం ఎక్కడైనా తప్పనిసరి. వేసవి పొడుగునా అదే దినచర్య ఉంటుంది కాబట్టి దానికి శరీరాన్నీ మనసునూ అలవాటు చేయడం శిక్షణలో మొదటి పని. ప్రతి వేసవికీ సత్యోపదేశంలో ఒక భాగాన్నీ, జపమాలలో ఒక వరుస దేవరహస్యాలనూ (క్రీస్తు, మరియమాతల జీవిత ఘట్టాలనూ) ఎంచుకుంటారు. సంతోష, వెలుగు, దుఃఖ, మహిమ రహస్యాలు ఒక్కో ఏడాదికి ఒక్కొక్కటిగా వస్తాయి కనుక, ఏటా వచ్చే పిల్ల కొన్నేళ్లలో అన్నీ పూర్తి చేస్తుంది.

నన్ను అన్నిటికన్నా వణికించింది నమూనా పాఠం. ఒక్కొక్కరం లేచి పాఠం చెప్పాలి, తోటి శిక్షణార్థులు ఒకటో తరగతి పిల్లల్లా నటిస్తారు. నేను విశ్వాస సంగ్రహం గురించి మొదలుపెట్టానో లేదో, ఆరడుగుల గురువిద్యార్థి ఒకాయన బల్ల కిందికి దూరి అక్కడి నుంచి నా బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు, ఇంకొక అమ్మాయి తనకు బాత్రూముకు వెళ్లాలని చెయ్యి ఎత్తి దించలేదు. వెనక వరుసలో పాత మిషనరీలు కాగితాల మీద ఏదో రాసుకుంటూనే ఉన్నారు. "నువ్వు గోడకు పాఠం చెప్పావు, మూడో ప్రశ్న చాలా పెద్దది, నవ్వలేదు" అని ఆ తర్వాత చదివి వినిపించారు. పరలోక జపం, మంగళవార్త జపం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నోటికి వచ్చు. కానీ అందులోని ఒక్క వాక్యానికి అర్థమేమిటని ఏడేళ్ల పిల్లవాడు అడిగితే నిలబడి చెప్పగలగడం ఆ గదిలోనే నేర్చుకున్నాను.

మౌన_పాఠకుడు

బల్ల కిందికి దూరిన ఆయన ఇప్పుడు గురువు అయ్యారా? మా విచారణకు కొత్తగా వచ్చిన ఫాదర్ గారి మీద నాకు అనుమానంగా ఉంది.

వేసవి_టీచర్

అయ్యారు. పీఠం మీద చాలా గంభీరంగా ఉంటారు.

ఫిరంగిపురం_ఆడపడుచు

అమ్మాయి చక్కగా రాసింది గానీ, తండ్రి అడిగింది భద్రత గురించి. ఎవరింట్లో పడుకుంటారు, ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, రాత్రి పదింటికి ఎవరు కారులో దింపుతారు, ఈ మాటలకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మనం పెరిగిన ఊళ్లలో పిల్లను మేనత్త ఇంటికి పంపాలన్నా పక్కింటివారికి చెప్పి పంపేవాళ్లు. ఇంకొక సంగతి కూడా మనసులో పెట్టుకోండి, అన్నగారూ. ఇలాంటి వాటికి వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చాక మఠంలో చేరతామంటారు. మదర్ తెరెసా 1928లో పద్దెనిమిదేళ్ల వయసులో స్కోప్యే నుంచి బయలుదేరి వెళ్లాక కన్నతల్లిని మళ్లీ కళ్లతో చూడలేదు. పునీతురాలి కథగా చదువుకుంటే బాగుంటుంది. ఆ తల్లి వైపు నుంచి ఎవరూ రాయలేదు.

నెబ్రాస్కా_గురువు

నేను గుంటూరు జిల్లా వాడిని, ప్రస్తుతం నెబ్రాస్కాలో రెండు చిన్న పల్లె విచారణలను చూస్తున్నాను. మా దగ్గరకూ ఇలాంటి జట్లు వస్తాయి కాబట్టి, వారికి ఇల్లు చూసిపెట్టే వాడిగా ఫిరంగిపురం అమ్మగారి ప్రశ్నలకు జవాబు చెబుతాను.

అమెరికా మేత్రాణులు (బిషప్పులు) 2002లో డల్లాస్‌లో చేసుకున్న తీర్మానం తర్వాత, పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరికీ నేర చరిత్ర పరిశీలన, పిల్లల రక్షణ గురించిన శిక్షణ తప్పనిసరి అయ్యాయి. ఇవి మిషనరీలకు ఎంత వర్తిస్తాయో, తరగతుల్లో సాయపడే మా విచారణ తల్లులకూ అంతే వర్తిస్తాయి. మా దగ్గర బస ఇచ్చే ఇంట్లోని పెద్దలను కూడా అలాగే పరిశీలిస్తాము. అమ్మాయిలిద్దరినీ ఒక ఇంట్లో, అబ్బాయిలిద్దరినీ వేరొక ఇంట్లో ఉంచుతాము. ఒక్క అమ్మాయిని ఒంటరిగా ఏ ఇంట్లోనూ ఉంచము. రాత్రి తరగతి అయ్యాక జట్టు తమ కారులోనే వెళ్తుంది. ఏదైనా తేడా వస్తే ఫోను చేయడానికి మేత్రాసనంలో బాధ్యుడైన వ్యక్తి నంబరు వారి దగ్గర ఉంటుంది, నా నంబరు ఉంటుంది, బస ఇల్లు నచ్చకపోతే కారణం చెప్పకుండానే మార్చమని అడిగే హక్కు వారికి ఉంటుంది. మీ అమ్మాయి వెళ్లే మేత్రాసనంలో కూడా ఈ ఏర్పాట్లు ఇలాగే ఉన్నాయా అని మీరే ఫోను చేసి అడగండి. అలా అడిగే తల్లిదండ్రులను చూసి ఎవరూ చిన్నబుచ్చుకోరు, చిన్నబుచ్చుకుంటే అక్కడికి పంపకండి.

మఠం సంగతికి వస్తే, మా దగ్గరకు వచ్చి వెళ్లినవారిలో నాకు తెలిసినంతవరకు ఎక్కువమంది నర్సులూ టీచర్లూ ఇంజనీర్లూ అయ్యారు. కొందరు గురువిద్యాలయంలో, మఠాల్లో చేరినమాట కూడా నిజమే. ఆ పిలుపు వేసవి శిబిరానికి పంపకపోయినంత మాత్రాన ఆగుతుందని నేను అబద్ధం చెప్పలేను.

ఫిరంగిపురం_ఆడపడుచు

చివరి వాక్యం వాళ్ల అమ్మకు చదివి వినిపించకండి, అన్నగారూ.

ఉపదేశి_మనవడు

భద్రత సంగతి ఫాదర్ గారు తేల్చారు కాబట్టి నాకున్న అసలు సందేహం అడుగుతాను. మా తాతగారు పల్నాడులో ఉపదేశి. గురువు నెలకొకసారి వచ్చే ఊళ్లో ఆయనే ఆదివారం ప్రార్థన నడిపేవారు, చావు ఇంటికి ముందుగా వెళ్లేవారు, సాయంత్రం పొలం నుంచి వచ్చిన పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి జపాలు నేర్పేవారు. విచారణ నుంచి ఇచ్చే జీతం బియ్యానికి కూడా సరిపోయేది కాదు. ఆయన నలభై ఏళ్లు అదే ఊళ్లో ఉండి చేసిన పనిని, పది రోజులు శిక్షణ పొందిన కాలేజీ పిల్లలు సోమవారం వచ్చి శుక్రవారం నీళ్లాట ఆడి వెళ్లిపోయి ఎలా చేస్తారు? ఒక వారంలో పిల్లవాడికి మిగిలేది పాటలూ అభినయాలే. మన దగ్గర వేసవి సెలవుల్లో జరిగే సత్యోపదేశ తరగతులైనా అంతే, ఊళ్లో ఉపదేశి లేకపోతే జూన్‌లో బడి తెరిచేసరికి అన్నీ మరిచిపోతారు.

పాత_జట్టు

పాటలను అంత తీసిపారేయకండి. మా జట్టు నేర్పిన పాటను ఒక పిల్లవాడు మరుసటి ఏడాది మొదటి చరణం నుంచి చివరి దాకా పాడి వినిపించాడు, పాఠం మాత్రం ఒక్క ముక్క గుర్తులేదన్నాడు. మీ వాదనకే బలం ఇచ్చినట్టున్నాను, సరే.

నెబ్రాస్కా_గురువు

ఉపదేశి గారి మనవడి ప్రశ్న న్యాయమైనది. ఈ జట్టు ఉపదేశికి బదులు కాదు, కాగూడదు. మా విచారణలో సెప్టెంబరు నుంచి మే వరకు ప్రతి బుధవారం సాయంత్రం సత్యోపదేశం చెప్పేది ఊళ్లోని రైతులూ వారి భార్యలూ; మీ తాతగారి పని ఇక్కడ వాళ్లు చేస్తున్నారు, వాళ్లకు ఆ కొద్దిపాటి జీతం కూడా లేదు. జట్టు చేసే పని వేరు. మా ఊళ్లో పద్దెనిమిది నిండిన పిల్లలు చదువుకో ఉద్యోగానికో లింకన్, ఒమాహా వెళ్లిపోతారు కాబట్టి, పదిహేనేళ్ల కుర్రవాడికి ప్రార్థన చేసే ఇరవై ఏళ్ల మనిషి కనబడడు. అతనికి కనబడేది డెబ్బై ఏళ్ల బామ్మలూ, యాస వేరుగా ఉన్న నేనూ. ఫుట్‌బాల్ ఆడే ఒక కాలేజీ కుర్రవాడు ఆరాధన గంటలో అతని పక్కన మోకాళ్ల మీద ఉండి, ఆ తర్వాత పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వరుసలో ముందు నిలబడితే, నేను ఏడాది పొడుగునా చెప్పినా జరగనిది ఆ రాత్రి జరుగుతుంది. చిన్నపిల్లల విషయంలో కూడా, 2025 సెప్టెంబరులో కార్లో అకూటిస్‌ను పునీతుడిగా ప్రకటించాక, వీడియో గేములు ఆడిన పునీతుడి గురించి కాలేజీ పిల్లలు చెబితే వినే శ్రద్ధ నేను చెబితే ఉండదు.

శిక్షణలో లోటు లేదని మాత్రం అనను. మాట్లాడడం ఆలస్యమైన పిల్లలు, ఒకచోట కూర్చోలేని పిల్లలు తరగతికి వస్తే ఎలా చూసుకోవాలో ఈ యువకులకు చాలాసార్లు తెలియడం లేదు. పది రోజుల్లో అన్నీ నేర్పలేరు, కానీ దానికి ఒక పూట కేటాయించమని నేను అడుగుతూనే ఉన్నాను.

ఉపదేశి_మనవడు

జీతం లేని ఉపదేశులు ఉన్నారని చెప్పారు కాబట్టి ఒప్పుకుంటున్నాను, ఫాదర్. వారమే చాలదన్న నా మాట వెనక్కి తీసుకోవడం లేదు.

సికింద్రాబాద్_యువ

ఇక్కడ మన దగ్గర పరిస్థితి కూడా దాదాపు ఇదే. కేరళలో మొదలైన జీసస్ యూత్‌కు 2016లో వాటికన్ గుర్తింపు వచ్చింది, అందులో ఏడాది పాటు పూర్తికాలం సేవకు ఇల్లు వదిలి వెళ్లే యువకులు ఉన్నారు. నేను డిగ్రీ అయ్యాక వెళ్తానంటే మా నాన్నగారు జోజి గారి మాటే చెప్పారు, కాకపోతే ఇంటర్న్‌షిప్ స్థానంలో బ్యాంకు పరీక్షలు అన్నారు. మా బంధువుల్లో అందరికన్నా గట్టిగా అడ్డుపడినవారు ప్రతి నెలా మొదటి శుక్రవారం పూజ తప్పని మా పెద్దమ్మ. వేరొకరి పిల్లలు గురువులూ మిషనరీలూ కావాలని ప్రార్థన చేయడం మన ఇళ్లలో మామూలే. ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న ఆన్సీ నుంచి ఫ్రాన్సిస్ దె సేల్స్ సభ మిషనరీలు 1846లో విశాఖపట్నానికి వచ్చారనీ, 1855లో మిలాన్ నుంచి వచ్చినవారు హైదరాబాదులో పని మొదలుపెట్టారనీ గర్వంగా చెప్పుకుంటాము. వాళ్లూ ఎవరో ఒకరి బిడ్డలే, సముద్రం మీద నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చి, వారిలో చాలామంది ఇక్కడే మట్టిలో కలిశారు. మీ అమ్మాయి ఆగస్టుకల్లా ఇంటికి వచ్చేస్తుంది.

లెక్కల_జోజి

1855లో ఇంటర్న్‌షిప్‌లు లేవు.

మౌన_పాఠకుడు

బ్యాంకు పరీక్షలూ లేవు, అందుకే అంతమంది మిషనరీలు వచ్చారు.

పాత_జట్టు

అందరూ బాగున్నదే చెబుతున్నారు కాబట్టి కష్టం సంగతి నేను చెబుతాను. పిల్లల వల్ల వచ్చే అలసట ఒక రాత్రి నిద్రపోతే పోతుంది, జట్టుతో వచ్చే చికాకు పోదు. నలుగురు ఒకే కారులో, ఒకే బల్ల దగ్గర, ఒకే ప్రార్థనలో వేసవంతా కలిసి ఉండాలి, విడిగా కూర్చోవడానికి చోటూ సమయమూ దొరకవు. మాకు శిక్షణలోనే ఒక పద్ధతి నేర్పారు, ప్రతి వారం చివర ఒకరికొకరు నచ్చనిది ముఖం మీద చెప్పుకోవాలి, వెనక మాట్లాడకూడదు. మొదటిసారి విన్నప్పుడు ఇదేమి తెల్లవాళ్ల పద్ధతి అనిపించింది, మన ఇళ్లలో నచ్చనిది పదేళ్లు మనసులో పెట్టుకుని పెళ్లిలో బయటపెడతాము కదా. జట్టు సభ్యుల మధ్య ప్రేమ వ్యవహారాలు ఉండకూడదన్నది మాకు కచ్చితమైన నియమం. ఫోను రాత్రి కొద్దిసేపే వాడాలన్నారు.

మా జట్టులో ఒక అబ్బాయి జూలైలో ఇంటికి వెళ్లిపోయాడు. అతనికి బెంగ శిక్షణలోనే మొదలైంది, ఎవరికీ చెప్పుకోలేదు, మేమూ కనిపెట్టలేదు. మేత్రాసనం వారు అతన్ని నిష్ఠూరమాడకుండా టికెట్టు కొనిచ్చి పంపారు. ఆ అబ్బాయి ఇంట్లో మాత్రం, మధ్యలో వచ్చేశాడని బంధువులు చాలాకాలం దెప్పారట. అంకుల్, మీరు అమ్మాయిని పంపేటట్టయితే ఎప్పుడు రావాలనిపించినా వచ్చేయమని ముందే చెప్పి పంపండి.

గుణదల_నాన్న

మీ అందరి జవాబులూ వాళ్ల అమ్మకు చదివి వినిపించాను, ఫాదర్ గారి చివరి వాక్యం ఒక్కటి వదిలేశాను. నిన్న మేత్రాసన కార్యాలయానికి ఫోను చేసి అడిగితే, బస ఇళ్ల గురించి ఫాదర్ గారు చెప్పినట్టే చెప్పారు, శిక్షణ కేంద్రం చిరునామా, బాధ్యురాలి నంబరు ఇచ్చారు. జట్టు కారుకు బీమా మేత్రాసనమే కడుతుందన్నారు. జోజి గారి మాట ఇంకా నా చెవిలో గింగురుమంటూనే ఉంది గానీ, అమ్మాయితో మాట్లాడితే అది తన ప్రొఫెసరు దగ్గర వచ్చే సెమిస్టర్‌కు పరిశోధనలో పని అడిగి ఉంచిందని తెలిసింది. నాకు ముందే చెప్పవచ్చు కదా అంటే, "మీరు ఇంటర్న్‌షిప్ గురించి అడిగారు, ప్రొఫెసరు గురించి అడగలేదు" అంది.

లెక్కల_జోజి

ఆ జవాబు చెప్పగల పిల్లకు ఏ ఇంటర్వ్యూ అయినా భయం లేదు. నా మిగతా సగం అభ్యంతరంలో కూడా సగం వదులుకుంటున్నాను. పైగా వారానికొక కొత్త ఊళ్లో, తెలియని మనుషుల ముందు నిలబడి మాట్లాడిన అనుభవాన్ని రెజ్యూమెలో ఒక మూల రాసుకోమనండి, సిగ్గుపడనక్కర్లేదు.

డల్లాస్_అమ్మ

ఇంతవరకు చదువుతూ మాత్రమే ఉన్నాను. మా అబ్బాయికి ఇరవై ఒకటి నిండడంతో హెచ్4 పోయి ఎఫ్1కు మారాడు, వాడికీ ఇదే కోరిక ఉంది. భృతి తీసుకోకుండా వెళ్తే సరిపోతుందా?

లెక్కల_జోజి

అమ్మా, దాన్ని భృతి అన్నా కానుక అన్నా పేరు మారినంత మాత్రాన ఇమ్మిగ్రేషన్ వారికి తేడా ఉండదు. డబ్బు వద్దన్నా, బసా భోజనమూ కూడా ప్రతిఫలంగా లెక్కకు రావచ్చు. కాబట్టి మీకు మీరే నిర్ణయించుకోకుండా, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని అడిగి జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి, మేత్రాసనం వారికి కూడా దరఖాస్తులోనే వీసా సంగతి చెప్పండి. కుదరదంటే సొంత విచారణలో ఆ వారం సాయంగా ఉండడానికి ఎవరూ అడ్డుచెప్పరు, రాత్రికి మీ ఇంట్లోనే పడుకుంటాడు.

డల్లాస్_అమ్మ

ఆ చివరి ఏర్పాటు నాకు బాగా నచ్చింది, వాడికి నచ్చదు.

గుణదల_నాన్న

సరంజామా ఏమేమి పంపాలో చెప్పండి. వాళ్ల అమ్మ ఆవకాయ జాడీ పక్కన పెట్టింది.

వేసవి_టీచర్

మోకాళ్లు దాటే లంగాలూ నిక్కర్లూ, పరుగెత్తడానికి బూట్లు, పూజకు వేసుకోవడానికి మంచి దుస్తులు ఒకటి రెండు జతలు, బస ఇంట్లో ఒక్కోసారి నేలమాళిగలో పడుకోవాల్సి వస్తుంది కాబట్టి పల్చని దుప్పటి, ఎండకు రాసుకునే లోషన్, నీళ్ల సీసా చాలు. కారు వెనక నలుగురి సామానూ పట్టాలి, పెద్ద సూట్‌కేసు ఇవ్వకండి. భోజనానికి రోజూ ఒక విచారణ కుటుంబం పిలుస్తుంది, ప్రతి ఇల్లాలూ పిల్లలకు ఇష్టమని లసాన్యానే చేస్తుంది, వరుసగా నాలుగు రాత్రులు అదే తిన్న వారం నాకు ఉంది. అందుకని ఆవకాయ తప్పక పంపండి ఆంటీ, గాజు జాడీలో కాదు, బిగుతైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పైన రెండు కవర్లు చుట్టండి. జట్టు కారులో నూనె కారితే వేసవంతా ఆ వాసనతోనే తిరగాలి, పాపం మిగతా ముగ్గురికి అలవాటు ఉండదు.

మౌన_పాఠకుడు

ముగ్గురికి సరిపడా పంపండి, ఆగస్టుకల్లా వాళ్లకు కూడా అలవాటవుతుంది.